గంట రేటు చూడాలా, ముందు పడే ఖర్చు చూడాలా? వాలు, అంతరఖండంతో తేల్చుకునే పద్ధతి

రెండేళ్ల కింద మా పొలం కాడ కట్ట సర్దించడానికి జేసీబీ కోసం వెతికితే ఇద్దరు దొరికారు. ఒకాయన "గంటకు వెయ్యే అన్నా, రానుపోను డీజిల్‌కు రెండు వేలు వేరే" అన్నాడు. ఇంకొకాయన "గంటకు పదమూడు వందలు, ఇంక వేరే ఏం లేదు" అన్నాడు. నాకు వెయ్యి అన్న మాట ఒక్కటే చెవికెక్కింది, మొదటాయన్నే పిలిచాను. పని మూడు గంటల్లో అయిపోయింది, బిల్లు 5000. రెండో ఆయన వచ్చుంటే 3900కే పోయేది. పదకొండు వందలు ఊరికే పోయాయి. అది కూడా ఇంటర్‌లో సరళరేఖల చాప్టర్ బాగానే రాసిన నాకు! పేపర్ మీద వచ్చిన లెక్క పొలం గట్టు మీదికి రాలేదన్నమాట.

ఇప్పుడు మా మేనల్లుడు నల్లగొండలో ఇంటర్ ఫస్టియర్. మొన్న దసరా సెలవులకు వచ్చి "మామా, ఒక్క గీతకు ఇన్ని సమీకరణాలు ఎందుకు, ఏది ఎప్పుడు వాడాలో సమజైతలేదు" అని పుస్తకం ముందు పడేశాడు. వాడికి ఈ జేసీబీ బిల్లుతోనే చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. పిల్లలకు ఏ రూపం ఎంచుకోవాలో తెలుస్తుంది, పెద్దవాళ్లకు ఏ బండి మాట్లాడుకోవాలో తెలుస్తుంది. నిజానికి రెండూ ఒకే లెక్క.

ఒక మాట ముందే చెప్తున్నా. అక్షరాలను ఇక్కడ ఎక్స్, వై, ఎం, సి అని తెలుగులోనే రాస్తున్నాను, మీ నోటుబుక్కులో మామూలుగా ఇంగ్లీషు అక్షరాలే రాసుకోండి, పరీక్షలో నన్ను తిట్టుకోవద్దు. వాలు అంటే స్లోప్, అంతరఖండం అంటే ఇంటర్‌సెప్ట్. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ రెండు పేర్లు తెలిస్తే చాలు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

వై = ఎం ఎక్స్ + సి అనే దాంట్లో ఎం వాలు, సి వై-అంతరఖండం. దీన్ని మంత్రంలా బట్టీ పట్టిస్తారు గానీ ఇది రెండు ప్రశ్నలకు జవాబు. ఒకటి, పని ఇంకా మొదలు కాకముందే ఎంత పడింది? అది సి. రెండు, ఒక్కో గంట గడిచేకొద్దీ ఎంత పెరుగుతోంది? అది ఎం. నేను చేసిన తప్పు ఏంటంటే రెండో ప్రశ్న మాత్రమే అడిగి మొదటిది వదిలేయడం. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు, "అడ్వాన్స్ ఏం లేదు" అనగానే ఎగిరి గంతేసి గంట రేటు అడగడం మర్చిపోతారు.

మొదటి బండి: వై = 1000 ఎక్స్ + 2000. రెండో బండి: వై = 1300 ఎక్స్. ఎక్స్ అంటే గంటలు, వై అంటే రూపాయలు. రెండో దానికి సి సున్నా, అంటే ఆ గీత మూలబిందువు (0, 0) నుంచే బయల్దేరుతుంది. మొదటిది రెండు వేల ఎత్తు నుంచి బయల్దేరుతుంది గానీ నెమ్మదిగా ఎక్కుతుంది. కింద నుంచి నిటారుగా ఎక్కేవాడు, పైనుంచి మెల్లగా ఎక్కేవాడు ఎక్కడో ఒక చోట కలుస్తారు కదా, ఆ చోటు ఎక్కడో తెలిస్తే ఎంపిక అయిపోయినట్టే. 1000 ఎక్స్ + 2000 = 1300 ఎక్స్ అని రాస్తే 300 ఎక్స్ = 2000, ఎక్స్ 6.67 వస్తుంది. అంటే 6 గంటల 40 నిమిషాలు. పని అంతకంటే తక్కువైతే రెండో బండి, ఎక్కువైతే మొదటి బండి. నా పని మూడు గంటలే అని నాకు ముందే తెలుసు, అయినా మొదటి బండి పిలిచాను చూడండి.

దీంట్లోంచి చేతిలెక్క ఒకటి వస్తుంది, కాగితం కూడా అక్కర్లేదు. ముందు పడే ఖర్చుల్లో తేడా ఎంత, గంట రేట్లలో తేడా ఎంత, మొదటి దాన్ని రెండో దాంతో భాగించండి, అంతే. ట్రాక్టర్ అయినా, టెంట్ హౌస్ అయినా, ఫోన్ ప్లాన్ అయినా, ఒకటి ముందు ఎక్కువ తీసుకుని తర్వాత తక్కువ తీసుకునేది, ఇంకోటి దానికి ఉల్టా అయితే ఈ లెక్క పనిచేస్తుంది. రెండిట్లోనూ ఒకటే చవకైతే లెక్కే అవసరం లేదు, కళ్లు మూసుకుని అదే తీసుకోండి.

రేట్లు సమానమై ముందు ఖర్చులు మాత్రమే వేరైతే? ఇద్దరూ గంటకు వెయ్యే, ఒకాయన దగ్గరి ఊరి నుంచి వస్తాడు కాబట్టి 500, ఇంకొకాయన దూరం నుంచి కాబట్టి 2000. వాలులు సమానం, అంతరఖండాలు వేరు, అంటే సమాంతర రేఖలు. అవి ఎప్పటికీ కలవవు, గంట పని అయినా పది గంటల పని అయినా తేడా ఆ 1500 దగ్గరే ఉంటుంది. పరీక్షలో "సమాంతర రేఖలు అయితే వాలులు సమానం" అని రాసేటప్పుడు ఈ ఇద్దరు డ్రైవర్లను గుర్తు చేసుకుంటే చాలు. లంబరేఖలకు మాత్రం ఇలాంటి కిరాయి ఉదాహరణ కుదరదు, అక్కడ వాలుల లబ్ధం −1 అని గుర్తు పెట్టుకోవాల్సిందే.

మూడో బండి సంగతి

ఈసారి మూడో ఆయన కూడా దొరికాడు, ఆ కథ చివర్లో చెప్తాను. ఆయన మాట: రోజుకు 9000, ఎనిమిది గంటలు, నువ్వు ఎంత పని చేయించుకుంటావో నీ ఇష్టం. దీని సమీకరణం వై = 9000. ఎక్స్ కనపడదు, వాలు సున్నా, గ్రాఫ్‌లో అడ్డంగా పడుకున్న గీత.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూస్తే తమాషా కనిపిస్తుంది. మొదటి బండి 9000 చేరేది సరిగ్గా 7 గంటలకు. రెండో బండి 9000 చేరేది 6 గంటల 55 నిమిషాల ప్రాంతంలో. ముందే చూశాం, మొదటిది రెండో దాన్ని దాటి చవకయ్యేది 6 గంటల 40 నిమిషాలకు. అంటే 6 గంటల 40 దాకా రెండో బండి చవక, 7 దాటితే రోజు కిరాయి బండి చవక, మొదటి బండికి మిగిలింది మధ్యలో ఇరవై నిమిషాలు. గంటకు వెయ్యే అని అందరికంటే తక్కువ రేటు చెప్పినాయన, ఇరవై నిమిషాల కిటికీలో తప్ప ఎక్కడా గెలవడు! ఇద్దర్నే పోల్చినప్పుడు బాగానే ఉన్న ఎంపిక, మూడో వాడు రాగానే ఎటూ కాకుండా పోయింది. గీతలు గీయకుండా ఇది మనసులో పట్టుకోవడం కష్టం, అందుకే గ్రాఫ్ కాగితం మీద మూడు గీతలు వేసి, ఎక్కడ ఏ గీత అన్నిటికంటే కింద ఉందో ఆ ముక్కల మీద పెన్నుతో మళ్లీ దిద్దమని మావాడికి చెప్పాను. ఆ దిద్దిన గీతే మనం కట్టాల్సిన డబ్బు.

తప్పు ఎందులో జరిగితే ఎక్కువ నష్టం?

ఇది జేసీబీ కంటే మేస్త్రీ పనిలో బాగా కనిపిస్తుంది. మా బాత్రూం బండలు వేసేటప్పుడు మేస్త్రీ ముందు గుమ్మం దగ్గర ఒక గుర్తు పెట్టాడు, నీళ్లు పోయే రంధ్రం దగ్గర ఇంకో గుర్తు, మధ్యలో దారం లాగి కట్టాడు. ఆరడుగుల దూరానికి ఒకటిన్నర అంగుళం దించాడు. దాన్ని వాళ్లు వాటం అంటారు, మన పుస్తకంలో వాలు. ఆరడుగులంటే 72 అంగుళాలు, 1.5 ని 72 తో భాగిస్తే 48 లో ఒక వంతు. అడుగుకు పావు అంగుళం అన్నమాట. పైన అంగుళాలే, కింద అంగుళాలే కాబట్టి ఈ వాలుకు ప్రమాణం ఉండదు, వట్టి సంఖ్య. జేసీబీ వాలుకు మాత్రం "గంటకు ఇన్ని రూపాయలు" అని ప్రమాణం ఉంటుంది. ఆరడుగులను అంగుళాల్లోకి మార్చకుండా 1.5 బై 6 అని రాసే పిల్లలు ఉంటారు, అలాంటి వాటంతో బండలు వేస్తే బాత్రూంలో జారుడుబండ తయారవుతుంది.

గుమ్మం దగ్గర గుర్తు అంతరఖండం. అది అరంగుళం కిందికి పోయిందనుకోండి, మొత్తం నేల అరంగుళం కిందికి పోతుంది, అయినా నీళ్లు రంధ్రంలోకే పోతాయి. వాటం తప్పితే మాత్రం గుమ్మం దగ్గర కనపడదు, ముందుకు పోయేకొద్దీ తప్పు పెరుగుతూ పోతుంది, చివరికి రంధ్రం దగ్గర కాకుండా మూలకు నీళ్లు నిలుస్తాయి. అంతరఖండంలో తప్పు ఎక్కడ చూసినా అంతే ఉంటుంది, వాలులో తప్పు దూరంతో పాటు పెరుగుతుంది. పని ఎంతసేపు పడుతుందో అంచనా లేనప్పుడు వాలు తక్కువ ఉన్నదానివైపు మొగ్గమని నేను చెప్పేది అందుకే.

ఏ రూపం ఎప్పుడు?

ఇప్పుడు పిల్లల సంగతి. ఇంటర్ మ్యాథ్స్‌లో సరళరేఖకు ఇచ్చే రూపాలన్నీ ఒకే గీతకు వేర్వేరు చొక్కాలు. ఏ చొక్కా వేయాలనేది ఇచ్చిన సమాచారాన్ని బట్టి, అడిగిన ప్రశ్నను బట్టి ఉంటుంది. మొదటి బండి గీతనే తీసుకుందాం.

రేటు తెలుసు, డీజిల్ తెలుసు అయితే నేరుగా వాలు-అంతరఖండ రూపం, వై = 1000 ఎక్స్ + 2000. ఇద్దరిని పోల్చాలన్నా, గ్రాఫ్ గీయాలన్నా దీనంత సుఖమైంది లేదు. కానీ ప్రతి లెక్కనూ ముందే దీంట్లోకి లాగే అలవాటు కొందరికి ఉంటుంది, అది టైమ్ దండగ.

డీజిల్ ఎంతో డ్రైవర్ చెప్పలేదు, గంటకు వెయ్యి అని తెలుసు, పక్క చేను కాక "నాకు మూడు గంటలకు ఐదు వేలు అయింది" అన్నాడు. ఒక బిందువు (3, 5000), ఒక వాలు. ఇక్కడ వాలు-బిందు రూపం: వై − 5000 = 1000 (ఎక్స్ − 3). సి కోసం వేరే వెతకక్కర్లేదు, విప్పితే అదే 2000 బయటపడుతుంది. ఒకటే రూపం నేర్చుకునే ఓపిక ఉందంటే నేను దీన్నే నేర్చుకోమంటాను. ఎందుకంటే ఇంటర్ లెక్కల్లో ఎక్కువసార్లు ఏదో ఒక బిందువు గుండా పోయే గీత, దాని వాలు ఏదో విధంగా తెలుస్తుంది, ఫలానా రేఖకు సమాంతరం అనో లంబం అనో. స్పర్శరేఖలు వచ్చినప్పుడు కూడా ఇదే పనికొస్తుంది.

రేటు కూడా తెలియదు, ఇద్దరి బిల్లులు మాత్రం తెలుసు: మూడు గంటలకు 5000, ఐదు గంటలకు 7000. రెండు బిందువుల రూపం. పేరు వేరే గానీ చేసే పని మాత్రం ముందు వాలు కనుక్కుని, మళ్లీ పైదాంట్లోకే పోవడం. 7000 లోంచి 5000 తీస్తే 2000, 5 లోంచి 3 తీస్తే 2, భాగిస్తే 1000. ఇక్కడ జరిగే తప్పు ఒకటే. పైన రెండో దాంట్లోంచి మొదటిది తీసేసి, కింద మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తారు, వాలు మైనస్ అయి కూర్చుంటుంది. గంటలు పెరిగితే బిల్లు తగ్గుతుందా అని ఒక్కసారి ఆలోచిస్తే ఆ తప్పు అక్కడే దొరుకుతుంది. ఇంకో లాభం, మూడో బిల్లు దొరికితే నిజం పరీక్షించొచ్చు. ఆరు గంటలకు 8500 అని ఎవరైనా చెప్తే, ఐదు నుంచి ఆరుకు 1500 పెరిగింది, వాలు మారింది, మూడు బిందువులూ ఒకే గీత మీద లేవు. ఏదో మధ్యలో రేటు మార్చాడని అర్థం, అడగాల్సిందే.

అంతరఖండాల రూపం, ఎక్స్ బై ఎ + వై బై బి = 1. గీత ఎక్స్-అక్షాన్ని తాకే చోటు ఎ, వై-అక్షాన్ని తాకే చోటు బి. ఇది చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ అన్నిచోట్లా పనికిరాదు. చేతిలో ఒక మొత్తం ఉండి దాన్ని రెండిటికి పంచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం దీనికి సాటి లేదు. 12000 రూపాయలు ఉన్నాయి, కూలీకి రోజుకు 600, జేసీబీకి గంటకు 1200 అనుకోండి. మొత్తం కూలీలకే పెడితే 20 మంది, మొత్తం బండికే పెడితే 10 గంటలు. ఎక్స్ బై 20 + వై బై 10 = 1. రెండు అక్షాల మీద రెండు చుక్కలు పెట్టి కలిపితే గీత తయారు, అర నిమిషం పని. వాలు −1/2, అంటే ఒక కూలీని పెంచుకుంటే అరగంట బండి వదులుకోవాలి.

మరి ఎక్కడ పనికిరాదు? రెండో బండి దగ్గర. ఆ గీత మూలబిందువు గుండా పోతుంది, రెండు అంతరఖండాలూ సున్నాలే, సున్నాతో భాగించలేం కదా. అడ్డగీతలకు, నిలువుగీతలకు కూడా అంతే. మొదటి బండికి మాత్రం వస్తుంది, ఎక్స్-అంతరఖండం −2. మావాడు నవ్వాడు, "మైనస్ రెండు గంటలు ఏంది మామా, బండి రాకముందే పని చేసిందా?" అని. నేనూ మొదట నవ్వాను గానీ ఆలోచిస్తే దానికి అర్థం ఉంది: ఆ డీజిల్ డబ్బులు రెండు గంటల పనికి సమానం. మూడు గంటల పని చేయించుకుని ఐదు గంటల డబ్బులు కట్టానని ఆ −2 చెప్తోంది. పదకొండు వందలు పోయినందుకు అప్పుడు పడని బాధ ఆ రోజు పడ్డాను.

సాధారణ రూపం, ఎ ఎక్స్ + బి వై + సి = 0, దీన్ని చూస్తే ఏమీ తెలియదు, వాలూ కనపడదు, అంతరఖండమూ కనపడదు. అయినా దీన్ని వదలలేం. నిలువు గీతను కూడా రాయగలిగే రూపాల్లో ఇదొకటి, అదీగాక బిందువు నుంచి రేఖకు లంబదూరం కావాలంటే ఇది లేకుండా పని సులువుగా జరగదు. 3 ఎక్స్ + 4 వై − 12 = 0 తీసుకోండి. వాలు −3/4, ఎక్స్-అంతరఖండం 4, వై-అంతరఖండం 3. (4, 5) నుంచి దూరం కావాలంటే ఆ విలువలు ఎడమవైపు పెట్టండి, 12 + 20 − 12 = 20, దాన్ని 3, 4 ల వర్గాల మొత్తానికి వర్గమూలం అయిన 5 తో భాగిస్తే 4. ఇదే పనిని వాలు-అంతరఖండ రూపంతో చేయబోతే, లంబరేఖ రాసి, ఖండన బిందువు కనుక్కుని, మళ్లీ దూరం సూత్రం వేసి, పేజీ నిండిపోతుంది.

ఇక్కడ పెద్ద ఉచ్చు ఏంటంటే సి అనే అక్షరం. వై = ఎం ఎక్స్ + సి లో ఉన్న సి, సాధారణ రూపంలో ఉన్న సి ఒకటి కాదు. పై రేఖలో సి −12, వై-అంతరఖండం 3. పుస్తకాలవాళ్లకు ఇంకో అక్షరమే దొరకలేదేమో గానీ, దీనివల్ల పోయిన మార్కులు అన్నీ ఇన్నీ కావు. సాధారణ రూపం నుంచి వాలు కావాలంటే −ఎ బై బి, వై-అంతరఖండం −సి బై బి, ఎక్స్-అంతరఖండం −సి బై ఎ.

అభిలంబ రూపం గురించి పెద్దగా చెప్పేది లేదు, మూలబిందువు నుంచి రేఖకు ఎంత దూరం, ఆ లంబం ఏ కోణంలో ఉందో ఇస్తే అది, లేదా సాధారణ రూపాన్ని దాంట్లోకి మార్చమంటే అది. పైదాన్ని 5 తో భాగిస్తే (3/5) ఎక్స్ + (4/5) వై = 12/5, దూరం 2.4. అయిపోయింది.

కళ్లు మోసపోయే చోట్లు

సున్నా వాలు, వాలు లేకపోవడం ఒకటి కాదు. నాట్లకు దున్ని చదును చేసిన మడి సున్నా వాలు. బోరు గుంత నిలువు, అక్కడ పక్కకు జరిగింది సున్నా, సున్నాతో భాగించలేం, కాబట్టి వాలు నిర్వచితం కాదు. మడిలో ట్రాక్టర్ తిరుగుతుంది, బోరు గుంతలో పడితే తెలుస్తుంది తేడా.

వాలు అంటే కోణం కూడా కాదు, కోణానికి టాన్ విలువ. 30 డిగ్రీలకు 0.577, 45 కు 1, 60 కి 1.732. కోణం రెట్టింపైతే వాలు రెట్టింపు కాదు, మూడు రెట్లయింది. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కినవాళ్లకు ఇది కాళ్లకే తెలుసు, కొంచెం నిటారైతే ఎంత ఆయాసం పెరుగుతుందో.

తర్వాత గ్రాఫ్‌లు. మాకు వానాకాలం వస్తే సాగర్ నీటిమట్టం చూడ్డం అలవాటు, పూర్తి మట్టం 590 అడుగులు, అప్పుడు 312 టీఎంసీలు. అనుకుందాం, డ్యామ్ నిండి ఉంది, పైనుంచి వరద ఆగింది, రోజుకు అరడుగు చొప్పున దిగుతోంది. వై = 590 − 0.5 ఎక్స్. వాలు మైనస్, ఎందుకంటే దిగుతోంది. కనీస నీటిమట్టం 510 అడుగులకు ఎన్ని రోజులు? 80 ని 0.5 తో భాగిస్తే 160 రోజులు. ఇలాంటి గ్రాఫ్‌ను సున్నా నుంచి గీయరు, కాగితం చాలదు కాబట్టి 500 నుంచి మొదలుపెడతారు. కంటికి గీత అక్షం మీద కింద నుంచి 90 గళ్ల ఎత్తులో మొదలైనట్టు కనపడుతుంది. అంతరఖండం 90 అని రాస్తే సాగర్‌ను ఎండబెట్టినట్టే. అక్షం ఎక్కడ మొదలైందో చూడకుండా అంతరఖండం చదవొద్దు, గళ్ల స్కేలు చూడకుండా వాలు చదవొద్దు. ఒకే గీతను అడ్డంగా సాగదీసి గీస్తే పడుకున్నట్టు, నొక్కి గీస్తే నిటారుగా కనపడుతుంది.

ఇంకో మాట, ఆ 160 రోజులు నిజంగా జరగదు. జలాశయం పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. అదే నీళ్లు వదిలితే పైన అరడుగు దిగుతుంది, కింద అంతకంటే ఎక్కువ దిగుతుంది. అంటే గీత వంగుతుంది. నాలుగు రోజులకు సరళరేఖ బాగానే పనిచేస్తుంది, నాలుగు నెలలకు పనిచేయదు.

వంగడం కాదు, విరగడం చూడాలంటే బోరు బిల్లు చూడండి. పాలమూరులో, మా దేవరకొండ వైపు బోరు వేయించనివాడు అరుదు, అందరికీ ఈ టెన్షన్ తెలుసు. రేట్లు నేను లెక్క కోసం గుండ్రంగా వేస్తున్నా: 300 అడుగుల దాకా అడుగుకు 100, ఆ తర్వాతి వంద అడుగులకు అడుగుకు 110. కేసింగ్ వేరే, దాన్ని పక్కన పెడదాం. 300 దాకా గీత వై = 100 ఎక్స్, 300 దగ్గర బిల్లు 30000. తర్వాతి ముక్క వాలు 110, బిందువు (300, 30000), వాలు-బిందు రూపంలో వేసి విప్పితే వై = 110 ఎక్స్ − 3000. అంతరఖండం మైనస్ మూడు వేలు! బోరు బండి వాడు మనకే ఎదురు డబ్బులు ఇస్తాడా? ఇవ్వడు. ఆ ముక్క 300 నుంచి 400 దాకానే బతుకుతుంది, ఎక్స్ సున్నా దగ్గర ఆ గీత లేనే లేదు, మనం వెనక్కి సాగదీశాం కాబట్టి అక్కడ తగిలింది. అంతరఖండం ప్రతిసారీ "ముందు ఖర్చు" కాదని గుర్తు పెట్టుకోవడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. ఆ గీత ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చెల్లుతుందో ముందు చూడండి.

సరే, ఈ ఏడు నేను ఏం చేశాను?

రెండెకరాల్లో బత్తాయి మొక్కలు పెడదామని 200 గుంతలు తీయించాలి. పక్క తోటలో బండి పనిచేస్తుంటే మావాడు ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాడు, 20 గుంతలకు 40 నిమిషాలు. గుంతకు రెండు నిమిషాలు, మనకు 400 నిమిషాలు. వాడే లెక్క వేసి నా మొహం చూశాడు: 6 గంటల 40 నిమిషాలు. సరిగ్గా రెండు గీతలు కలిసే చోటు! ఇద్దరికీ బిల్లు 8667. లెక్క ఎటూ తేల్చలేదు.

అప్పుడు చూడాల్సింది బిందువు కాదు, ఆ బిందువు దగ్గర నుంచి పని ఎటు జరిగే అవకాశం ఉందో. ముందే అయిపోతే రెండో బండి లాభం, లేటైతే మొదటిది. మా నేల సంగతి నాకు తెలుసు, పైన ఎర్రమట్టి, మూడో అడుగులో ఎక్కడో ఒక చోట బండ తగులుతుంది. పని ముందే అయ్యేది కల్ల. లేటయ్యే పనికి వాలు తక్కువ ఉండాలి, మరి అన్నిటికంటే తక్కువ వాలు ఎవరిది? రోజు కిరాయి బండిది, సున్నా. 333 రూపాయలు ఎక్కువ కడితే ఎనిమిది గంటల దాకా గడియారం చూడక్కర్లేదు. మూడో ఆయనకే ఫోన్ చేశాను, మావాడు పక్కనే కూర్చుని వింటున్నాడు.

"తొమ్మిది వేలు ఒప్పుకున్నట్టే అన్నా, రేపు ఏడింటికి వస్తా. కాకపోతే బండ తగిలితే బ్రేకర్ బండి తేవాలె, దానికి గంట లెక్క వేరే" అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి మావాడు అప్పటికే గ్రాఫ్ కాగితం మీద అడ్డగీతను ఒక చోట ఆపి, అక్కడి నుంచి పైకి ఇంకో గీత లాగుతున్నాడు. "మామా, బండ ఏ గంటలో తగులుతదో చెప్పు, మిగతాది నేను చేస్తా."